సున్నం గోడ మీద చక్రాల గీత

నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. కాలువ మీద పుట్టినవాళ్ళకి పడవ బడి ముందు ఆగేది కాదు, సరుకు దింపే చోటే ఆగేది. నేను అక్షరాలు దిద్దింది జుట్టు నెరిశాక. ఒక్కో పేజీకి ఒక్కో వారం పడుతుంది. తొందరున్నవాళ్ళు మేం సొరంగంలోకి వెళ్ళేదాకా దాటేసి చదువుకోండి, నాకేం కోపం లేదు.

అప్పటికి జరిగింది ఇది. మా హాలోడన్ సొరంగం మరమ్మతులో ఉంది. లోపల పనిచేసే తాపీవాళ్ళ ఫోర్‌మన్ ఎబ్నర్ వీల్ భోజనాల వేళ పొగకి ఊపిరాడక చనిపోయాడు. ఆ పొగ లిన్నెట్ అనే చిన్న టగ్గుదని, అంటే పడవల్ని లాగే ఆవిరి పడవదని, దాన్ని నడిపే నా భర్త ఎనోక్ బద్ధకించి నియమం తప్పాడని, అందువల్లే మనిషి ప్రాణం పోయిందని చెప్పి పోలీసులు ఎనోక్‌ని లాకప్పులో పెట్టారు. నేను చెప్పబోయే రోజుకి మర్నాడు మరణ విచారణ. అది ముగిశాక కంపెనీ సొరంగం గోడలు కడిగించి పని మళ్ళీ మొదలుపెడుతుంది. ఎనోక్ తరఫున సాక్ష్యం ఏదైనా మిగిలుంటే ఆ గోడల మీదే ఉంది.

పడవవాళ్ళ సంఘం మా కోసం గార్త్ గారిని పంపింది. పరిశోధకుడు. పెద్ద యుద్ధంలో విషవాయువు పీల్చిన మనిషి, నాలుగు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకునేవారు. ముందు రోజు సాయంత్రమే ఊరు చేరి, ఆ రోజు పొద్దున్నే వచ్చి, సొరంగం దక్షిణం మొహాన కట్టేసి ఉన్న లిన్నెట్ మీద బొగ్గు పెట్టె ఎక్కి కూర్చుని, ఎనోక్ దగ్గర పనిచేసే లూక్ ఫెంటన్‌ని పిలిపించారు.

"పేరు?"

"అందరికీ తెలుసు."

"నేను అందరిలో లేను నాయనా. చెప్పు."

"లూక్ ఫెంటన్. టగ్గులో నిప్పు చూస్తా. తెల్ల పలక దగ్గర్నించి ఎనోక్‌తో కలిసి గోడ నడుస్తా."

గోడ నడక అంటే ఏమిటో చెప్పాలి. మా సొరంగంలో నడిచే దారి లేదు, నీళ్ళు, రెండు గోడలు, అంతే. మా తాతల కాలంలో పడవ ముందు భాగాన అడ్డంగా బల్ల వేసి, ఇద్దరు వెల్లకిలా తలలు ఆనించి పడుకుని, చెరో గోడ మీదా కాళ్ళతో నడుస్తూ పడవని తోసేవాళ్ళు. తర్వాత పెద్ద ఆవిరి టగ్గులొచ్చాయి. పడవలన్నీ వరసగా కట్టి ఒక్క లాగుడుకి అవతల పడేసేవి, కాని లోపల మనుషులు పొగకి సొమ్మసిల్లి పడిపోయేవారు. అందుకని కొండ మీంచి గాలి బావులు తవ్వారు. పడవలకి సొంత ఇంజిన్లు వచ్చాక పెద్ద టగ్గులు పాత ఇనుముగా పోయాయి. మరమ్మతులకని రెండు చిన్నవి మాత్రం మిగిలాయి, ఇటుకల పడవలు లోపలికి లాగడానికి, బురద పడవలు బయటికి లాగడానికి. దక్షిణాన లిన్నెట్, ఉత్తరాన ప్లవర్. గోడలకి రాసుకోకుండా వాటికి రెండు పక్కలా చిన్న ఇనుప చక్రాలుంటాయి, చేతులు చాపినట్టు తెరుచుకుని గోడ మీద దొర్లుతాయి.

మరమ్మతు జరిగే చోట గాలి బావి మూసేస్తే, అక్కడికి చాలా దూరం ముందే గోడకి తెల్ల పలక కొడతారు. పలక దాటి ఆవిరి నడవకూడదు. నిప్పు అణిచి, చక్రాలు లోపలికి మడిచి, బల్ల వేసి, కాళ్ళతో తోసుకుపోవాలి. చక్రాలు మడవకపోతే పడుకున్నవాళ్ళ కాళ్ళు నలిగిపోతాయి. ఆ పలక పెట్టించిన మనిషి ఎవరో నాకు తెలీదు. ఎవరైనా సరే, వాళ్ళని తలుచుకుని దణ్ణం పెట్టని రోజు లేదు.

"ఎబ్నర్ పోయిన రోజు చెప్పు," అన్నారు గార్త్ గారు.

"పొద్దున్నే తాపీవాళ్ళు పరంజాకి రెండు పక్కలా గోడలకి సున్నం కొట్టారు. కొత్తగా పగుళ్ళొస్తే కనబడాలని. భోజనాలకి వాళ్ళని బయటికి తెచ్చాం. ఎబ్నర్ రానన్నాడు, ఇటుకలు చూసుకోవాలన్నాడు. మేమంతా పబ్బుకి పోయాం. ఎనోక్ టగ్గులో పడుకుంటానన్నాడు."

"ఆ తర్వాత?"

"టగ్గు ఆవిరి మీద లోపలికి పోవడం చూశా. ఎనోక్ ఒక్కడే ఉన్నాడు."

"పబ్బులోంచా?"

"కిటికీలోంచి."

"మిగతావాళ్ళు ఎవరూ చూడలేదే?"

"వాళ్ళు తింటున్నారు."

"నువ్వు తినలేదా?"

లూక్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "నాకు ఆకలి లేదు."

"ఎనోక్ జైలుకి పోతే లిన్నెట్ ఎవరికి వస్తుంది లూక్?"

"నాకేం తెలుసు."

"ఇస్తామని ఎవరో అన్నారు కదా?"

లూక్ చూపు గట్టు మీదికి పోయింది. అక్కడ కంపెనీ ఇంజినీరు ట్రెమ్లెట్ నిలబడి ఉన్నాడు. ఆయన పక్కనే, ఎనోక్‌ని పట్టుకెళ్ళిన పోలీసు సూపరింటెండెంట్ క్లేవర్లీ గారు. గార్త్ గారు కూడా అటు చూశారు, కాని ఇంకేం అడగలేదు. "వెళ్ళు. ఇవాళ మాత్రం కడుపు నిండా తిను," అన్నారు.

క్లేవర్లీ గారు గట్టు మీంచి టగ్గులోకి దిగారు. మంచి బట్టలు, మెరిసే బూట్లు.

"మిస్టర్ గార్త్, నా సాక్షిని మీరు ప్రశ్నలడగడం నాకు నచ్చలేదు."

"మీ సాక్షికీ నచ్చలేదు సార్. ఇద్దరూ ఒకే మాట మీదున్నారు."

"లోపల చూడాల్సింది నేను చూశాను."

"పరంజా ఇవతలి అంచుదాకా చూశారు, శవం ఉన్న చోటుదాకా. అవతల?"

"అవతలికి లిన్నెట్ వెళ్ళలేదు. పరంజా సొరంగాన్ని గోడ నుంచి గోడకి మూసేసింది. అవతల చూసి ఏం చేస్తాం?"

"అందుకే చూడాలంటున్నా. రాకపోతే రేపు విచారణలో మీరు రానన్నారని చెప్తాను, అంతే."

ట్రెమ్లెట్ గట్టు మీంచే మర్యాదగా నవ్వాడు. మంచి లాంతర్లు రెండు తెప్పించి ఇచ్చాడు. "ఉత్తరం వైపు ఏముంది సార్, ప్లవర్ బాయిలర్ చల్లారి నాలుగేళ్ళయింది. చూసుకోండి, మీ ఇష్టం. నాకు ఆఫీసులో పనుంది," అని కారెక్కి వెళ్ళాడు.

నేను చుక్కాని దగ్గర నిలబడటం చూసి క్లేవర్లీ గారు ఆగారు. "ఈవిడా నడిపేది?"

"ఎనోక్‌ని మీరు తీసుకెళ్ళారు. లూక్ రానన్నాడు," అన్నాను. "మూడోవాణ్ణి చూపించండి, నేను దిగిపోతా."

ఆయన చూపించలేదు. బయల్దేరాం.

తెల్ల పలక దాకా ఆవిరి మీద వెళ్ళాం. అక్కడ నిప్పు అణిచాను, చక్రాలు మడిచాను, బల్ల వేశాను. గార్త్ గారు కోటు విప్పి నా తలకి తల ఆనించి పడుకున్నారు. ఒక మగ మనిషి పక్కన అలా పడుకోవడం మీద క్లేవర్లీ గారు ఏదో అనబోయి, లాంతరు పట్టుకుని ఊరుకున్నారు. గార్త్ గారి ఊపిరి ఈల వేస్తోంది, అయినా అడుగు తప్పలేదు.

సున్నం కొట్టిన గోడ మొదలవగానే ఆపమన్నారు. లాంతరు ఎత్తితే రెండు గోడల మీదా బూటు అడుగులు వరసగా కనిపించాయి, మనిషి గోడ పట్టుకుని నడిచినట్టు. మడమ మేకులతో సహా పడ్డాయి.

"ఇవి ఎనోక్‌వి, లూక్‌వి. భోజనాలకి బయటికి వచ్చినప్పటివి, తర్వాత శవం కోసం వచ్చినప్పటివి," అన్నారు గార్త్ గారు. "చక్రాల గీత ఎక్కడుంది సార్?"

క్లేవర్లీ గారు లాంతరు కిందికి దించి, పైకెత్తి చూశారు. గోడలు రెండూ చూశారు. "లేదు."

"లూక్ చెప్పింది నిజమైతే, ఎనోక్ ఒక్కడే ఆవిరి మీద వచ్చాడు. ఒంటరిగా వచ్చేవాడు చక్రాలు తెరవకుండా ఈ ఇరుకులో టగ్గుని తిన్నగా నడపలేడు."

"చేయి తిరిగినవాడు నడపగలడేమో."

"నడపగలడేమో. అయితే గోడకి ఎక్కడో ఒకచోట రాసుకుని ఉండాలి."

"మీరు చూపిస్తున్నది జరగనిదాన్ని మిస్టర్ గార్త్. జరిగినదాన్ని చూపించండి. ఎబ్నర్ పొగతోనే పోయాడు. పొగ ఏదో ఒక టగ్గు నుంచే రావాలి. ఇక్కడికి రాగలిగింది ఒక్క లిన్నెట్."

"అందుకే పరంజా దాటుదాం అంటున్నా."

పరంజా అంటే వెడల్పాటి పడవ మీద కర్రలతో కట్టిన మంచె. టగ్గుని దానికి కట్టేశాం. అవతలి అంచుకి పోవాలంటే కర్రల మధ్య పొట్ట మీద పాకాలి. గార్త్ గారు ముందు, నేను వెనక. క్లేవర్లీ గారు కాసేపు తన కోటు వంక చూసుకుని, తర్వాత పాకారు. ఒకచోట గుడ్డ చిరిగిన చప్పుడు వినిపించింది. మేమిద్దరం వినలేదన్నట్టు ఊరుకున్నాం.

ఉత్తరం అంచున గార్త్ గారు లాంతరుని కర్రకి తగిలించి బయటికి చాపారు. సున్నం గోడ మీద నల్లటి గీత, నా నడుమంత ఎత్తులో, గీత గీసినట్టు తిన్నగా, ఉత్తరం నుంచి పరంజా దాకా వచ్చి ఆగింది. రెండో గోడ మీదా అంతే. ఒక్క బూటు అడుగు లేదు.



"ఈ సున్నం ఎబ్నర్ పోయిన రోజు పొద్దున కొట్టింది," అన్నారు గార్త్ గారు. "మీరు తీసుకున్న వాంగ్మూలాల్లోనే ఉంది. ఆ తర్వాత ఉత్తరం నుంచి ఒక టగ్గు చక్రాలు తెరుచుకుని, ఆవిరి మీద, ఇక్కడిదాకా వచ్చింది. మూసిన గాలి బావి కింద, పారిపోవడానికి దారి లేని మనిషి ముందు పొగ కక్కుతూ నిలబడింది. మళ్ళీ వెనక్కి పోయింది."

"ప్లవర్ చల్లారిన టగ్గు."

"అని ఎవరన్నారు?"

క్లేవర్లీ గారు మళ్ళీ గీత వంక చూశారు.

గార్త్ గారు నా వైపు తిరిగారు. "అమ్మా, మీలో ఎవరైనా పలక దాటాక చక్రాలు తెరిచి ఉంచుతారా? తొందరలోనో, మర్చిపోయో?"

"మా చిన్నపిల్లలు కూడా ఉంచరు. పలక కనబడగానే చేయి దానంతటదే చక్రం మడిచేస్తుంది. నిద్రలో ఉన్నా మడిచేస్తుంది."

"అయితే నడిపింది పడవలో పుట్టినవాడు కాదు. టగ్గు ఎలా నడుస్తుందో తెలుసు, దాని మీద ఎలా బతుకుతారో తెలీదు." ఆయన జేబులోంచి చిన్న సుత్తి తీసి కొత్త ఇటుకల మీద కొట్టారు. ఠంగుమనాల్సింది, డొల్లగా పలికింది. ఇంకోచోట కొట్టారు, అదీ డొల్లే. "చూశారా సార్. ఇటుక వెనక ఇటుక ఉండాలి. ఇక్కడ ఖాళీ ఉంది. ఎబ్నర్ తిండి మానేసి చూసుకుంటానన్నది ఇదే. ఈ పని సరిగ్గా జరిగిందని కంపెనీకి సంతకం పెట్టి ఇచ్చేది ఎవరు?"

"ట్రెమ్లెట్," అన్నారు క్లేవర్లీ గారు.  వెంటనే సర్దుకున్నారు. "ఇది ఊహ. డొల్ల ఇటుక ఉన్నంత మాత్రాన హత్య అనలేం."

లాంతరు వెలుగు పసుపు రంగుకి తిరగడం ముందు నేనే గమనించాను. తర్వాత వాసన వచ్చింది. తడి గడ్డి కాలుతున్న వాసన, దాని కింద బొగ్గు. ఉత్తరం వైపు చీకట్లో ఇంజిన్ చప్పుడు, దగ్గు వచ్చినట్టు, ఆగి ఆగి.

"ఏమిటది?" అన్నారు క్లేవర్లీ గారు.

"ప్లవర్," అన్నాను. "నాలుగేళ్ళుగా చల్లారిన టగ్గు."

పొగ పైకప్పు వెంబడి మా మీదికి జారుతూ వచ్చింది. గాలి బావి ఇంకా చెక్కలతో మూసే ఉంది, అది పోవడానికి దారి లేదు. గార్త్ గారు దగ్గడం మొదలుపెట్టారు. వెనక్కి తిరిగి రెండు కర్రలు దాటారు, మూడో కర్ర దగ్గర తల వాల్చేశారు. పిలిచాను, పలకలేదు.

ఇక్కడ ఒక మాట రాయకపోతే నాకు నిద్ర పట్టదు. క్లేవర్లీ గారు ముందు పాకి వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. చొక్కా కాలర్ పట్టుకుని గార్త్ గారిని కర్రల మధ్యనుంచి మూట లాగినట్టు లాగుతూ వచ్చారు. ఒక బూటు ఎక్కడో ఇరుక్కుపోతే పాదం లాగేసుకుని వచ్చారు. నేను కాళ్ళు పట్టుకుని వెనకనుంచి తోశాను. ఎలాగో లిన్నెట్ మీదికి చేర్చాం.

"ఆవిరి పెట్టు," అన్నారాయన.

"నిప్పు అణిచి ఉంది. లేపాలంటే చాలాసేపు పడుతుంది, ఈలోపు మన పొగే మనల్ని చంపుతుంది. బల్ల మీద పడుకోండి."

"నేనా?"

"ఇద్దరుంటేనే టగ్గు కదులుతుంది. గార్త్ గారు లేవలేరు."

పడుకున్నారు. ఆయన తల నా తలకి ఆనింది. వేడిగా ఉంది, వణుకుతోంది.

"మోకాళ్ళు మడవండి. పాదం గోడకి ఆనించండి. మడమతో కాదు, పాదమంతా. ఇప్పుడు నడవండి."

"ఎటు?"

"నా అడుగు విని దానితో పాటు వేయండి. పెళ్ళిలో నాట్యం చేశారు కదా?"

"చేశాను. మా ఆవిడ కాళ్ళు తొక్కాను."

"ఇక్కడ తొక్కడానికి గోడే ఉంది, భయం లేదు. ఎడమ. కుడి."

మొదట టగ్గు కదల్లేదు. తర్వాత కదిలింది, వేలెడంత. ఒక్కసారి కదిలాక నీళ్ళే తోడొచ్చాయి. పెద్ద టగ్గు అయితే మేమిద్దరం అక్కడే ఉండిపోయేవాళ్ళం. పాత ఇనుముకి కూడా పనికిరాదని కంపెనీ వదిలేసిన చిన్న ముక్క కాబట్టి ఒక ఆడమనిషి కాళ్ళకీ, ఒక పోలీసు అధికారి ఒంటి బూటుకీ కదిలింది. దాన్ని చేసిన ఇనుప పనివాళ్ళు ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

పొగ మా ముక్కుల మీద చేయంత ఎత్తులో నిలబడింది. వెల్లకిలా పడుకోవడం వల్లే బతికాం, నీళ్ళ మీద కాస్త మంచి గాలి మిగిలి ఉంది. క్లేవర్లీ గారు తుమ్మారు, దగ్గారు, రెండుసార్లు అడుగు తప్పారు. రెండుసార్లూ "క్షమించు తల్లీ" అన్నారు. అంతకు ముందు రోజు ఆ మనిషి నన్ను స్టేషను మెట్ల మీద నిలబెట్టి, "నీ మొగుడు మనిషిని చంపాడు, అర్థమయిందా" అన్నాడు. ఇప్పుడు ఆయన బట్టతల నా జుట్టుకి ఆనించి నా లెక్క ప్రకారం అడుగులేస్తున్నాడు. నాకు ఆ క్షణాన కోపం ఒక్క చుక్క కూడా మిగల్లేదు, ఎక్కడికి పోయిందో నాకే తెలీదు.

తెల్ల పలక దాటాం. వెలుతురు కనబడింది.

సొరంగం మొహాన లూక్ నిలబడి ఉన్నాడు. పొగ చూసి పారిపోలేదు. నడుం లోతు నీళ్ళలోకి దిగి తాడు అందుకుని లాగాడు, గార్త్ గారిని వీపు మీద వేసుకుని గట్టు ఎక్కించాడు. ఆయన గుండెల మీద చెయ్యి పెట్టి చూసి, "ఉన్నాడు, ఉన్నాడు," అని నాకు చెప్పి అక్కడే కూలబడ్డాడు. "నేను కిటికీలోంచి ఏం చూడలేదు," అన్నాడు గడ్డి వంక చూస్తూ. "టగ్గు ఇస్తానన్నాడు ట్రెమ్లెట్. నాకు ఇద్దరు పిల్లలు."

"ఎనోక్‌కి ముగ్గురు," అన్నాను. అంతకు మించి అనలేకపోయాను.

క్లేవర్లీ గారు గడ్డిలో బోర్లా పడి దగ్గుతున్నారు. ముఖం నల్లగా, ఒక కాలికి మేజోడు మాత్రమే. కానిస్టేబుల్ పరిగెత్తుకొచ్చాడు.

"ఎనోక్ మలిన్ ఎక్కడున్నాడు?" అని అడిగారు.

"లాకప్పులో సార్. మీరే తాళం వేశారు."

"మరి ఇప్పుడు లోపల పొగ పెట్టింది ఎవరు?"

కానిస్టేబుల్ సొరంగం వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"వెళ్ళి తలుపు తియ్యి. బూట్లు, బెల్టు తిరిగిచ్చెయ్యి. వేడి టీ ఇవ్వు. అతనికి చెప్పు..." అని ఆగారు. "లేదు. నేనే చెప్తాను."

నేను నేల మీద కూర్చుండిపోయాను. ఏడవలేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని వాటి వంకే చూస్తూ ఉన్నాను.

గార్త్ గారు కళ్ళు తెరిచారు. గొంతు సరిగ్గా రాలేదు, అయినా పరిశోధకుడు పరిశోధకుడే. "సార్. చల్లారిన బాయిలర్లో ఆవిరి లేవాలంటే తెల్లవారకముందే నిప్పు పెట్టాలి. అంటే మనం ఇవాళ పరంజా దాటుతామని నిప్పు పెట్టినవాడికి రాత్రే తెలుసు. నేను ఆ మాట చెప్పింది ఒక్క మనిషికి. నిన్న సాయంత్రం, మీ ఆఫీసులో."

క్లేవర్లీ గారు లేచి కూర్చున్నారు. ఆయన కాదనొచ్చు. మా మాట ఆయన మాట ముందు నిలిచేది కాదు, అది అక్కడున్న అందరికీ తెలుసు.

"నిన్న ట్రెమ్లెట్ ఇంట్లో భోజనం చేశాను," అన్నారు. "సంఘం మనిషి పరంజా అవతల ఏదో వెతుకుతాడట అని చెప్పి నవ్వాను. అతనూ నవ్వాడు. ఎబ్నర్ కేసు మొత్తం నాకు అతనే ఆ బల్ల దగ్గర కూర్చుని చెప్పాడు. నేను విన్నదే రాసుకున్నాను." కానిస్టేబుల్ వైపు తిరిగారు. "నిలబడి చూస్తావేం? ఇది కూడా రాసుకో. నా పేరుతోనే రాసుకో."

అప్పుడే కొండ మీంచి ట్రెమ్లెట్ మోటారు కారు చప్పుడు వినిపించింది. ఉత్తరం షెడ్డు నుంచి కిందికి దిగే దారి ఒక్కటే, అది లాకప్పు ముందునుంచే పోతుంది. కారు ఆ దారినే దిగుతోంది, వేగంగా. లాకప్పులో ఎనోక్ ఒక్కడే ఉన్నాడు, కాపలా ఉండాల్సిన కానిస్టేబుల్ మా ముందు పెన్సిలు పట్టుకుని నిలబడ్డాడు. ఎనోక్ నోరు మూతపడితే నేరం అతని మీదే ఉండిపోతుంది.

క్లేవర్లీ గారు లేచి, ఒంటి బూటుతో, రాళ్ళ దారిలో పరుగు మొదలుపెట్టారు. నేను పావడా ఎత్తి పట్టుకుని ఆయన వెనకే పరిగెత్తాను. నా ఎనోక్ కోసం నాకంటే ముందు పరిగెత్తిన మనిషిని నేను ఆ ఒక్కరోజే చూశాను.

థిర్జా మలిన్, డెబ్బై ఏడేళ్ళు. ఇప్పుడు హాలోడన్ లాకుల పక్కన, కాలువ కనిపించే గదిలో ఉంటున్నాను.